మాండలిన్ శ్రీనివాస్: పాలకొల్లు నుంచి బెర్లిన్ జాజ్ వేదిక దాకా.. లైవ్ రికార్డింగుల్లో మిగిలిన గోదారి నాదం

ఐనవిల్లి: 2000 డిసెంబర్.. ముంబై. జనం ముందే లైవ్ రికార్డింగ్ జరుగుతోంది. గిటార్ మీద జాజ్ దిగ్గజం జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా మీద జాకీర్ హుస్సేన్, గాత్రం శంకర్ మహదేవన్. వాళ్ల మధ్య చిన్న మాండలిన్ పట్టుకుని మన గోదావరి మనిషి. ఆ ఆల్బమ్ పేరు 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే'. 2001లో విడుదలైంది. అందులో 'గిరిరాజ్ సుధ' అనే ట్రాక్ ఉంది. పేరు చూసి కొత్త పాట అనుకోవద్దు. వినాయకుడి మీద త్యాగరాజ స్వామి చేసిన 'గిరిరాజ సుతా' కీర్తనే అది. ఐనవిల్లి సిద్ధి వినాయకుడి గుడికి వెళ్లేవాళ్లు తప్పక వినాల్సిన రికార్డు.

ఆ మాండలిన్ వాయించింది ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండలిన్ శ్రీనివాస్. ఆయన ఊరు మనకు దూరమేం కాదు. ఐనవిల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా వెళ్లి చించినాడ వంతెన దాటితే పాలకొల్లే. ఆయన కన్నుమూసి దశాబ్దం దాటిపోయింది. ఇప్పుడు ఫోన్లో ఆయన పాత వీడియోలు చూస్తున్న చాలామందికి ఆ వాయిద్యం వెనకున్న కథ తెలియదు.

క్లారినెట్ ఇంట్లో మాండలిన్

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్ల వయసులోనే పిల్లాడి చెయ్యి దాని మీద పడింది. కొడుకు పట్టు చూసిన తండ్రి కొత్త మాండలిన్ కొనిచ్చి, తనే నేర్పడం మొదలుపెట్టారు.

తర్వాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు దగ్గర చేర్చారు. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. అయితే ఇక్కడే ఓ చిక్కు. గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు.. పిల్లాడు విని, ఆ పాటనే తీగల మీద వెతుక్కునేవాడు. ఎవరి వేళ్లనూ చూసి నేర్చుకునే వీల్లేదు. దాంతో శ్రీనివాస్ వాయిద్యం మొదటి నుంచీ గొంతు దారిలోనే నడిచింది. పాట ఎక్కడ వంగితే తీగ అక్కడ వంగాలి. అంతే!

గమకం పలుకుతుందా?

అసలు సమస్య వాయిద్యంతోనే. మామూలు మాండలిన్‌కు 8 తీగలు.. రెండేసి చొప్పున 4 జతలు. మీటగానే శబ్దం టక్కున వచ్చి, వెంటనే ఆరిపోతుంది. జత తీగల్ని కలిపి లాగి స్వరాన్ని ఊపడం కష్టం. కర్ణాటక సంగీతానికేమో గమకమే ప్రాణం. అందుకే ఈ పాశ్చాత్య వాయిద్యం మన కచేరీకి పనికిరాదని పెదవి విరిచినవాళ్లు ఎక్కువ.

శ్రీనివాస్ జతల్ని తీసేశారు. ఒక్కో తీగే ఉంచి, కింది స్వరాల కోసం ఐదో తీగ చేర్చుకున్నారు. ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని ఆంప్లిఫయర్ పెట్టుకున్నారు. దాంతో శబ్దం నిలబడింది, తీగ వంగింది, గమకం పలికింది. ఒకప్పుడు వయొలిన్ కూడా ఇలాగే బయటి నుంచి వచ్చి మన కచేరీలో కుదురుకున్నదే కదా!

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. 1981 డిసెంబర్ సంగీతోత్సవాల్లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించారు. పన్నెండేళ్ల పిల్లాడు కీర్తనలు వాయించి చూపించాక, పనికిరాదన్న మాట నెమ్మదిగా వెనక్కి తగ్గింది.

అరగంట అనుకుంటే..

1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్ నుంచి పిలుపొచ్చింది. 1964 నుంచి నడుస్తున్న పేరున్న జాజ్ పండగ అది. అక్కడికి వెళ్లింది 14 ఏళ్ల పాలకొల్లు కుర్రాడు. వాయించింది కర్ణాటక సంగీతం. ఇచ్చిన సమయం అరగంట. శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టి వదల్లేదు. మరో గంట వాయించాల్సి వచ్చింది.

జాజ్ వాళ్లకు ఇది ఎలా నచ్చింది? జాజ్‌లో పియానో ట్రియో అంటే పియానో, బేస్, డ్రమ్స్.. ముగ్గురే. ముందు ట్యూన్ వాయిస్తారు. తర్వాత దాన్ని పట్టుకుని ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. మిగతా ఇద్దరూ వింటూ జవాబిస్తారు. మన కచేరీ కూడా అంతే. కీర్తన అయ్యాక కల్పనాస్వరాలు, వాటికి వయొలిన్ జవాబు, చివర్లో మృదంగం తని ఆవర్తనం. భాష వేరైనా ఆట ఒకటే. బెర్లిన్ శ్రోతలకు రాగం పేరు తెలియకపోయినా, అక్కడికక్కడ పుడుతున్న సంగీతం చెవికి తెలిసింది.

రెండో టేక్ లేని రికార్డింగ్

స్టూడియోలో తప్పు దొర్లితే మళ్లీ వాయించొచ్చు. లైవ్‌లో ఆ అవకాశం లేదు. పక్కవాడు ఏం వాయిస్తాడో ముందే తెలియదు. విని, ఆ క్షణంలోనే జవాబు చెప్పాలి. గురువు పాడితే విని వాయించిన శ్రీనివాస్‌కు చిన్నప్పటి నుంచీ అలవాటైన పనే ఇది.

అందుకే మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో ఆయన ఇట్టే కలిసిపోయారు. 2000లో వచ్చిన 'ది బిలీవర్' కూడా లైవ్ రికార్డింగే. గిటార్ ఓ మాట విసిరితే మాండలిన్ అందుకుంటుంది, ఖంజీర మీద సెల్వగణేశ్ దాన్ని లెక్కకు కడతారు. జాజ్ వేదికెక్కినా శ్రీనివాస్ తన రాగాన్ని వదల్లేదు. త్యాగరాజ కీర్తననే అక్కడికి తీసుకెళ్లారు.

45 ఏళ్లకే..

1998లో పద్మశ్రీ, 2009లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. తమ్ముడు రాజేశ్‌కు తనే మాండలిన్ నేర్పి, పక్కన కూర్చోబెట్టుకుని వాయించారు. ఇంకా ఎన్నో ఏళ్లు వాయిస్తారనుకున్న సమయంలో కాలేయ సమస్య వచ్చింది. మార్పిడి జరిగినా కోలుకోలేదు. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45 మాత్రమే.

2023లో శక్తి బృందం 'దిస్ మొమెంట్' ఆల్బమ్ తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ వచ్చింది. అందులో మొదటి ట్రాక్ శ్రీనివాస్‌ను తలుచుకుంటూ చేసిన 'శ్రీనీస్ డ్రీమ్'. 'గిరిరాజ్ సుధ' కూడా మళ్లీ ఉంది. ఈసారి మాండలిన్ లేదు.

కుదిరితే ముంబై లైవ్ రికార్డింగ్, ఈ కొత్తది.. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. పాలకొల్లు కుర్రాడు ఆ కీర్తనకు ఏం చేర్చాడో చెవికే తెలుస్తుంది.