రచ్చ గెలిచిన హాస్యనటుడు ఫ్రెడ్డీ ఫ్రింటన్

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దల మాట. పెక్కురు కళాకారుల చరిత్రము ఈ క్రమముననే నడచినది. కాని ఇంట కొంత పేరు మాత్రమే పొంది, రచ్చలో శాశ్వతకీర్తిని సంపాదించినవారును కొందరు కలరు. ఆంగ్ల హాస్యనటుడు ఫ్రెడ్డీ ఫ్రింటన్ అట్టివాడు. జర్మనీ దేశమున ఆయన ముఖమెరుగని కుటుంబము అరుదు. ఆయన పుట్టిన ఇంగ్లండులోనో, ఆ ముఖమునకు ఖ్యాతి తెచ్చిన నాటిక ఆయన మరణించిన 50 సంవత్సరములకుగాని టెలివిజనులో సంపూర్ణముగా ప్రసారము కాలేదు.

ఫ్రింటన్ 1909వ సంవత్సరము జనవరి 17వ తేదీన ఇంగ్లండు తూర్పుతీరమందలి గ్రిమ్స్‌బీ పట్టణమున జన్మించెను. పుట్టుపేరు ఫ్రెడరిక్ బిట్టినర్ కూ. గ్రిమ్స్‌బీ ఆనాడు చేపల రేవులలో మిగుల పేరుగన్నది. తల్లి అవివాహిత యగుటచే బాలుడు పెంపుడు తలిదండ్రుల యింట పెరిగెను. యుక్తవయస్సున చేపలను శుభ్రపరచి అమ్మకమునకు సిద్ధము చేయు కర్మాగారమున పనికి కుదిరెను. అచ్చట హాస్యోక్తులతో, అనుకరణములతో తోడివారిని నవ్వించుచు పని చెరుపుచున్నాడని యజమానులు ఆయనను తొలగించిరని చెప్పుదురు. ఏ గుణము ఆయన కూలిని పోగొట్టినదో ఆ గుణమే తరువాత ఆయనకు జీవిక యయ్యెను.

ఆయన ఆశ్రయించినది మ్యూజిక్ హాలు. అది ఇంగ్లండులో సామాన్య జనుల వినోదశాల. ఒకే రాత్రి పాటగాడు, గారడీవాడు, గడసాము చేయువాడు, హాస్యగాడు ఒకరి తరువాత నొకరు వేదిక నెక్కుదురు. ఒక్కొక్కనికి లభించునది కొలది నిమిషములు మాత్రమే. ఆ నిమిషములలో జనమును నవ్వింపలేనివానికి మరల పిలుపు రాదు. మన పల్లెలలో పగటివేషగాండ్రకు, తోలుబొమ్మలాటలో కేతిగాని నాడించువానికి ఈ కష్టము తెలిసినదే. ఫ్రింటన్ సంపాదించుకొన్న ప్రత్యేక వేషము తాగుబోతుది. విరిగి వ్రేలాడు సిగరెట్టుతో తూలుచు ఆయన వేదికపైకి వచ్చెడివాడు. ఇట్టి వేషము సులభమని తోచును గాని, శరీరము వశము తప్పినట్లు కనబడుటకు నటుడు దానిని పూర్తిగా వశమునందుంచుకొనవలెను. ఆ విద్యను ఆయన యేండ్ల తరబడి సాధన చేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమున చేరి, సైనికులకు వినోదము కూర్చు నటబృందమున పనిచేసెను.

యుద్ధము ముగిసిన 1945లో, పడమటి సముద్రతీరమున విహారస్థలమైన బ్లాక్‌పూల్ పట్టణమున ఆయన ఒక చిన్న నాటికను మొదటిసారి ప్రదర్శించెను. దాని పేరు డిన్నర్ ఫర్ వన్, అనగా ఒక్కరికి విందు. రచయిత లారీ వైలీ అను ఆంగ్లేయుడు. ప్రదర్శించినపుడెల్ల రచయితకు ప్రతిఫలము చెల్లింపవలసి యుండెను. ఈ నాటిక తన బ్రతుకుతెరు వగునని గ్రహించి ఫ్రింటన్ కాలక్రమమున దాని హక్కులనే కొనివేసెను.

కథ మిక్కిలి స్వల్పము. సోఫీ దొరసానికి 90 సంవత్సరములు నిండినవి. ఏటేటివలె తన నలుగురు మిత్రులకు విందు చేయుచున్నది. ఆ మిత్రులు సర్ టోబీ, అడ్మిరల్ ఫన్ ష్నైడర్, మిస్టర్ పొమరాయ్, మిస్టర్ వింటర్‌బాటమ్. నలుగురును ఏనాడో గతించిరి. దొరసాని మాత్రము వారు కుర్చీలలో కూర్చుండియే యున్నట్లు పలుకరించును. వృద్ధుడైన బట్లరు జేమ్స్ ఒక్కొక్క కుర్చీకడకు పోయి, గ్లాసు నింపి, ఆ పెద్దమనిషి గొంతుతో శుభము పలికి, ఆ మద్యమును తానే త్రాగవలెను. వంటకములు నాలుగు: చారు, చేప, కోడి, పండ్లు. ఒక్కొక్క వంటకమునకు ఒక్కొక్క మద్యము. నాలుగు మార్లు నలుగురి పాత్రలను ఒక్కడే ఖాళీ చేయుసరికి జేమ్స్ స్థితి యేమగునో ఊహింపవచ్చును. ప్రతి వంటకమునకు ముందును అతడు, కార్యక్రమము గతయేటివలెనే జరుగవలెనా యని అడుగును. ప్రతియేటివలెనే యని ఆమె సెలవిచ్చును.

భోజనశాల నేలపై తలతో గూడిన పులితోలు పరచియున్నది. వచ్చుచు పోవుచు జేమ్స్ ఆ తలకు తగిలి తూలుచుండును. ఇట్లు 11 మార్లు జరుగును. ఒకసారి మాత్రము కాలు తగులకుండ దాటిపోయి, ఏమి పొరపాటు జరిగినదోయని తానే ఆశ్చర్యపడును. ప్రేక్షకుడు రాబోవుదానిని ముందే యెరిగియు నవ్వును. ఎరిగినది రానపుడు మరింత నవ్వును. హాస్యకళలోని ఈ మర్మము ఫ్రింటనుకు కరతలామలకము. అయినను ఆ నాటిక కేవలము తాగుబోతు చేష్టలతో నిలిచినది కాదు. ముసలితనమున ఒంటరియైన యజమానురాలి భ్రమను చెదరనీయక, తన శరీరము కూలుచున్నను నియమము తప్పని సేవకుని విశ్వాసము దాని అడుగున గలదు. నవ్వుచున్నవానికి ఆ జాలి వెంటనే తెలియదు, తరువాత తెలియును.

ఈ నాటికను ఫ్రింటన్ యేండ్ల తరబడి సముద్రతీర పట్టణముల నాటకశాలలలో ఆడుచుండెను. 1962లో జర్మను టెలివిజనున ప్రసిద్ధుడైన పీటర్ ఫ్రాంకెన్‌ఫెల్ట్ అను వినోదకారుడు, హైన్‌జ్ డుంక్‌హాజె అను దర్శకునితో కలసి బ్లాక్‌పూల్ వచ్చి దానిని చూచెను. తమ దేశమునకు వచ్చి ప్రదర్శింపుమని ఆయనను ఆహ్వానించెను.

ఈ ఆహ్వానము ఆనాడు సామాన్యమైనది కాదు. యుద్ధము ముగిసి రెండు దశాబ్దములైనను నిండలేదు. 1943 జూన్ మాసమున ఫ్రింటన్ పుట్టిన గ్రిమ్స్‌బీపై జర్మను విమానములు సీతాకోకచిలుక బాంబులను పేరుగల చిన్న బాంబులను వెదజల్లినవి. అవి వీధులలోను తోటలలోను పడియుండి, తాకినవారిని చంపినవి. మరుసటి మాసముననే హాంబర్గు నగరముపై ఆంగ్లేయ, అమెరికను విమానములు దాడి చేయగా, రేగిన అగ్నిలో 30,000 మందికి పైగా జనులు మరణించిరి. ఫ్రింటన్ ఆడవలసినది ఆ హాంబర్గులోనే. జర్మను భాషలో నటించుటకు ఆయన యిష్టపడలేదని చెప్పుదురు. నాటికను ఆంగ్లముననే యుంచిరి.

1963లో హాంబర్గు నగరమందలి బేజెన్‌బిండర్‌హోఫ్ నాటకశాలలో, ప్రేక్షకుల యెదుట, ఉత్తర జర్మను ప్రసారసంస్థవారు ఈ నాటికను చిత్రీకరించిరి. దొరసానిగా నటించినది 70 యేండ్లు దాటిన మే వార్డెన్. హైన్‌జ్ పైపర్ అను ప్రసారకుడు ముందుగా జర్మను భాషలో కథను నాలుగు మాటలలో వివరించెను. అటుపిమ్మట అంతయు ఆంగ్లమే. నిడివి 18 నిమిషములు, చిత్రము నలుపు తెలుపు. ప్రేక్షకులలో ఒక స్త్రీ ఆపుకొనలేక నవ్విన ధ్వని నేటికిని ఆ చిత్రమున వినవచ్చును. జర్మను నౌకాధిపతియగు ఫన్ ష్నైడరు పాత్రను పలుకునపుడు జేమ్స్ సైనికునివలె మడమలను టపీమని తాకించి, ఆ నొప్పికి విలవిలలాడును. ఇరువది యేండ్లకు ముందు ఇంగ్లండు బాంబులకు కాలిన నగరమున, ఒక ఆంగ్లేయుడు జర్మను అడ్మిరలును అనుకరించగా, జర్మనులు కడుపుబ్బ నవ్విరి. సంధిపత్రములు చేయజాలని పనులు కొన్ని గలవు.

అటుపిమ్మట ఇంగ్లండున ఫ్రింటనుకు మంచి దినములు వచ్చినవి. బి.బి.సి. టెలివిజనున 1966 వరకు నడచిన మీట్ ది వైఫ్ అను హాస్యనాటికల వరుసలో, థోరా హర్డ్ అను ప్రసిద్ధ నటితో కలసి, భార్యకు లోబడిన భర్తగా నటించి ప్రేక్షకుల మెప్పు పొందెను. ఆ సుఖమెంతో కాలము సాగలేదు. 1968 అక్టోబరు 16వ తేదీన గుండెపోటుతో మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 59 సంవత్సరములు.

ఆయన అసలు కీర్తి పిమ్మట ప్రారంభమైనది. హాంబర్గు చిత్రమును ప్రసారసంస్థవారు అప్పుడప్పుడు ఖాళీ సమయములలో ప్రసారము చేయుచుండిరి. 1972 నుండి దానికి డిసెంబరు 31వ తేదీ రాత్రి స్థిరమైన స్థానము లభించెను. కథలో నూతన సంవత్సరము ప్రసక్తియే లేదు. ఉన్నది పుట్టినదినపు విందు మాత్రమే. అయినను జర్మనులు దానిని తమ పండుగలో భాగము చేసికొనిరి. తాతలు చూచినదానిని మనుమలు చూచుచున్నారు. జేమ్స్ అడుగు ప్రశ్నయు, దొరసాని యిచ్చు సమాధానమును వారి నిత్యవ్యవహారమున సామెతలైనవి. ఆస్ట్రియా, స్విట్జర్లండు, డెన్మార్కు దేశములకును ఈ ఆచారము ప్రాకినది. స్వీడనువారు మద్యపానము మితిమీరినదని కొంతకాలము ప్రక్కన బెట్టి, 1976లో అంగీకరించిరి. నార్వేలో 1980 నుండి డిసెంబరు 23వ తేదీన ప్రదర్శించుచున్నారు.

ఇంతమంది పరభాషీయులు దానిని తమదిగా భావించుటకు కారణము స్పష్టము. మాటలు స్వల్పము, వచ్చినవే మరల వచ్చును. తక్కిన భారమంతయు నటుని నడకపైన, చూపుపైన, పడబోయి నిలదొక్కుకొను ఒడుపుపైన నున్నది. ఒంటరితనము, ముసలితనము, పాత అలవాటును విడువలేని మనసు ఏ దేశమున లేవు? తెలుగువారికి ఈ విందులో ఒక చుట్టరికము కూడ గలదు. దొరసాని భోజనమున మొదట వడ్డించు చారు పేరు ముల్లిగటానీ. తమిళమున మిళగు తణ్ణీర్ అను మాటలనే, చెన్నపట్టణపు దొరలు తమ నాలుకకు తగినట్లు మార్చుకొని ఆ పేరు పెట్టిరి. మన మిరియాల చారునకు అది దూరపు బంధువు. తరువాత వచ్చు హాడక్ చేప ఉత్తర సముద్రమునది. చేపల కర్మాగారమునుండి వెడలగొట్టబడిన గ్రిమ్స్‌బీ బాలుడు తుదకు ఆ చేపను వడ్డించియే లోకప్రసిద్ధు డయ్యెను.

2018 డిసెంబరు 31వ తేదీన ఇంగ్లండు టెలివిజను ఈ నాటికను మొట్టమొదటిసారిగా సంపూర్ణముగా ప్రసారము చేసెను. మ్యూజిక్ హాలు నటుల విద్య యెక్కువ భాగము ఏ రాత్రి కారాత్రి గాలిలో కలసిపోయినది. ఫ్రింటన్ 18 సంవత్సరములు సాధన చేసిన నాటికయు అట్లే నశింపవలసినదే. పరదేశీయులు కొందరు దాని విలువ గుర్తించి 18 నిమిషములు పట్టి భద్రపరచుటచే అది నిలిచినది. గ్రంథములకు గ్రంథాలయ మెట్టిదో ఈ నటునికి హాంబర్గు నగరమట్టిది. తన శ్రమఫలము ఏ భాండాగారమున దాగి ఎవరి రాకకై వేచియున్నదో కళాకారు డెరుగడు. ఫ్రింటనును ఎరుగకయే కన్నుమూసెను. కాని సంవత్సరాంతమున దీపములు వెలుగువేళ, ఆయన భాష రాని యిండ్లలో, పిల్లలును పెద్దలును ఆ పులితలవైపు చూచుచు ఆయన అడుగుకై నేటికిని ఎదురుచూచుచున్నారు.