పేరు వేసుకోని సంపాదకుడు కొడవటిగంటి

తెనాలి: నలభై ఏళ్లు దాటిన వారిలో చదవడం వచ్చిన ఎవరినడిగినా ‘చందమామ’ పేరు చెబుతారు. పల్లెల్లో ఒక ఇంటికి ఆ పత్రిక వస్తే వీధిలో పది ఇళ్లకు తిరిగేది. అట్ట ఊడి, మూలలు నలిగి, చివరికి ఎవరింట్లో ఉందో తెలియకుండా పోయేది. భుజాన శవం వేసుకుని, చేత కత్తి పట్టుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ చూడగానే పిల్లలు చుట్టూ మూగేవారు. అయితే ఆ కథల్ని ఏరి, దిద్ది, తిరగరాసి పిల్లల చేతికిచ్చిన మనిషి మన తెనాలి వాడేనన్న సంగతి తెలిసిన వారు తక్కువ. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు. సాహిత్యంలో కొ.కు. అంటారు.

1909 అక్టోబరు 28న ఆయన తెనాలిలో పుట్టారు. అయిదో ఏట తండ్రి పోయారు. పదకొండో ఏడు నిండకముందే తల్లి కూడా పోయింది. మేనమామ దగ్గర పెరిగారు. అన్నగారు వెంకటసుబ్బయ్యకు సాహిత్యం మీద ఉన్న మోజు తమ్ముడికీ అంటుకుంది. స్కూలు చదువు తెనాలిలో, ఇంటర్మీడియట్ గుంటూరు ఏ.సి. కాలేజీలో, బి.ఏ. విజయనగరం మహారాజా కాలేజీలో సాగాయి. బి.ఏ.లో ఆయన చదివింది భౌతికశాస్త్రం. ఎం.ఎస్సీ. కోసం కాశీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు గాని, అప్పుడు ప్రపంచాన్ని చుట్టుముట్టిన ఆర్థికమాంద్యం ఆ ఇంటినీ తాకింది. రెండో ఏడు చదువు మధ్యలోనే ఆగింది. సైన్సు చదివిన ఆ కాస్త కాలం మాత్రం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. దేనినైనా కారణం అడగనిదే నమ్మేవారు కాదు.

ఆ తరువాత ఇరవై ఏళ్లు ఒకచోట నిలదొక్కుకోలేదు. ప్రైవేట్లు చెప్పారు, గుమాస్తాగిరీ చేశారు, పత్రికల్లో పని చేశారు. ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికలో కొంతకాలం, సినిమా పత్రిక ‘కినిమా’లో కొంతకాలం ఉన్నారు. 1931 ప్రాంతంలో మొదలుపెట్టిన కథలు మాత్రం ఆగలేదు. మధ్యతరగతి ఇళ్లలోని డాంబికాలు, డబ్బుతో ముడిపడిన పెళ్లిళ్లు, ఆడవాళ్ల అవస్థలు ఆ కథల్లో మొహమాటం లేకుండా కనబడతాయి. ‘చదువు’ అనే నవలలో సుందరం అనే కుర్రవాడికి అక్షరాభ్యాసం నాటి నుంచి పెద్దయ్యే దాకా బడులూ కాలేజీలూ నేర్పిందేమిటో, నేర్పనిదేమిటో చెప్పారు. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న సంగతి మీద ఆయన మనసు ముందు నుంచీ ఉందనడానికి ఆ నవలే సాక్ష్యం.

‘చందమామ’ను 1947 జులైలో మద్రాసులో బి.నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించారు. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. ఆయనదీ తెనాలే. కుటుంబరావుతో పాత స్నేహం. ఆ స్నేహమే 1952 జనవరిలో కుటుంబరావును వడపళనిలోని చందమామ ఆఫీసుకు తీసుకువెళ్లింది. అప్పటికి ఆయన వయసు నలభై రెండు. రచయితగా చేయి తిరిగిన మనిషి. అటువంటి వాడు పిల్లల పత్రికలో కుదురుకోవడం కొందరికి వింతగా తోచింది. ఏదో పొట్టకూటి కోసం అనుకున్నారు. నెల జీతం అవసరమన్న మాట నిజమే. కాని ఇరవై ఎనిమిదేళ్ల పాటు, చనిపోయే దాకా, పొట్టకూటి కోసమే అంత శ్రద్ధగా పని చేసేవారుంటారా?

ఆ పని ఏమిటో చెప్పుకోవాలి. పత్రికకు ఊరూరి నుంచి తపాలాలో కథలు వచ్చేవి. బడిపంతుళ్లు, గుమాస్తాలు, ఇంటిపట్టునుండే ఆడవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు రాసి పంపేవారు. ఎక్కువ భాగం అచ్చుకు నిలిచేవి కావు. కొన్నిట్లో కథ ఉంటే చెప్పే తీరు ఉండదు. కొన్నిట్లో మాటల సొగసు తప్ప కథ ఉండదు. కుటుంబరావు వాటిని చదివి, ఎక్కడ పిల్లవాడికి సందేహం వస్తుందో, ఎక్కడ విసుగు పుడుతుందో చూసేవారు. రాజు ఎందుకలా చేశాడన్నదానికి కథలోనే కారణం దొరకాలి. దొరకకపోతే కథను విప్పి మళ్లీ కట్టేవారు. పంపిన వారి పేరు కథకు ఉండేది. మాటలు చాలావరకు కుటుంబరావువి. అచ్చయిన తన కథను తానే గుర్తుపట్టలేని రచయితలూ ఉండి ఉంటారు. అందుకు కోపగించుకోవడం కంటే, ఓహో ఇలా రాయాలన్నమాట అని నేర్చుకున్నవారే ఎక్కువని చెప్పాలి.

భాష విషయంలో ఆయన పట్టుదల మరీ గట్టిది. పెద్ద సమాసాలు లేవు, వర్ణనలు లేవు. రాజు క్రోధావేశపరవశుడయ్యాడని ఎవరైనా రాస్తే, రాజు మండిపడ్డాడని మారాల్సిందే. వాక్యం పొట్టిగా ఉండాలి. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి కథ కదలాలి. అప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న నాలుగో తరగతి కుర్రవాడికి ఎక్కడా అడ్డు తగలకూడదు. మన పల్లెల్లో బడి మానేసిన తరువాత కూడా చదవడం మరచిపోని వాళ్లు ఎందరో ఉన్నారంటే అందులో ఈ పొట్టి వాక్యాలకు వాటా ఉంది. ముసలమ్మలు చదివించుకుని వినేవారు. ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు ముక్క మీద రాసి పంపే సరదా పెద్దలకూ ఉండేది. ఇక్కడ తెలుగులో తయారైన కథలే హిందీ, తమిళం వంటి ఇతర భాషల చందమామలకు మూలమయ్యాయి. అంటే తెనాలి మాట దేశమంతా తిరిగిందన్నమాట.

ఆయన చేతుల మీదుగా జాతక కథలు, కథాసరిత్సాగరం, అరేబియా కథలు తేట తెలుగులోకి వచ్చాయి. గ్రీకు దేశపు హోమరు చెప్పిన ట్రాయ్ యుద్ధం ‘భువనసుందరి’ అయింది. ఓడలో దారి తప్పి ఏళ్ల తరబడి తిరిగిన ఒడిస్యూస్ కథ ‘రూపధరుడి యాత్రలు’ అయింది. అది పరదేశపు కథ అని పిల్లలకు తట్టనే తట్టలేదు. ‘తోకచుక్క’ వంటి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఆ ఆఫీసులోనే ఆయన పక్కన పని చేశారు. ఆయనది అప్పటి గుంటూరు జిల్లాలోని పెదగంజాం. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు వేశారు.

ఇక అసలు తగాదా దయ్యాల దగ్గర వచ్చింది. కుటుంబరావు దేవుణ్నీ దయ్యాన్నీ నమ్మని మనిషి, మార్క్సిస్టు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. అటువంటి వాడు పిల్లలకు రాక్షసుల కథలు, మాంత్రికుల కథలు, మాట్లాడే శవాల కథలు అందిస్తాడా అని తోటివారే ప్రశ్నించారు. బయట ఒక మాట, ఆఫీసులో ఒక మాట అని ఎత్తిపొడిచారు. ఇది తేలిగ్గా తీసేయాల్సిన ప్రశ్న కాదు. మూఢనమ్మకాలు పల్లెల్లో చేసే చేటు చూసినవారికి ఆ అనుమానం రావడం సహజం.

ఆయన సమాధానం వేరే విధంగా ఉండేది. పిల్లవాడికి ముందు ఊహ కావాలి. లేనిదాన్ని ఊహించగలిగినవాడే రేపు కొత్తదాన్ని కనిపెడతాడు. కథలో దయ్యం కథలోనే ఉంటుందని పిల్లలకు పెద్దలకంటే బాగా తెలుసు. కాకపోతే ఆ దయ్యం పిల్లవాడిని జడిపించకూడదు. చందమామ దయ్యాలను తలచుకుంటే ఈ మాట నిజమేననిపిస్తుంది. అవి చాలావరకు మనుషుల మాదిరే వాదించుకునేవి, మోసపోయేవి, కొన్నిసార్లు బీదవాడికి సాయపడేవి. వాటికంటే లోభి షావుకారే చెడ్డవాడుగా కనబడేవాడు.

బేతాళ కథల్నే తీసుకోండి. సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదే. అవి అయిపోయాక అదే అచ్చులో కొత్త కథలు పోస్తూ ఏళ్ల తరబడి నడిపారు. ప్రతి కథ చివరా బేతాళుడు ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. తప్పెవరిది, ఎక్కువ త్యాగం ఎవరిది, ఫలానావాడు అలా ఎందుకు మాట మార్చాడు? రాజు కారణాలు చూపి జవాబు చెబుతాడు. రాజు జవాబు చదవక ముందే తమ తీర్పు చెప్పాలని పిల్లలు పేజీకి చెయ్యి అడ్డం పెట్టుకుని వాదులాడుకునేవారు. దయ్యాన్ని నమ్మని మనిషి ఒక దయ్యం చేత పిల్లలకు తర్కం నేర్పించాడని అంటే తప్పు కాదు.

ఇంత చేసినా సంపాదకుడుగా ఆయన పేరు పత్రిక మీద ఉండేది కాదు. ఆయన దాన్ని పట్టించుకున్నట్టూ లేదు. పగలు పిల్లల కథలు దిద్ది, మిగతా వేళల్లో తన కథలు, నవలలు, సినిమా మీద, సంగీతం మీద, సైన్సు మీద వ్యాసాలు రాసుకున్నారు. రెండింటినీ కలిపి చూస్తే ఒక్క మనిషి ఒక్క జన్మలో చేయగల పనేనా అనిపిస్తుంది.

చక్రపాణి 1975లో పోయారు. కుటుంబరావు 1980 ఆగస్టు 17న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు డెబ్బయ్యేళ్లు. ఆ తరువాత ఆయన రచనల్ని కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర వారు సంపుటాలుగా తెచ్చారు. చందమామ ఇప్పుడు రావడం లేదు. బైండు చేయించి దాచుకున్న పాత సంచికలు కొన్ని ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. చెదలు పట్టకముందే దింపి పిల్లలకిస్తే ఇప్పటికీ చదువుతారు.