శాస్త్రము – హృదయము : శ్రీ చైతన్య మహాప్రభువుల చరిత్ర





మన ఆలయ జీర్ణోద్ధరణ, మహా కుంభాభిషేక మహోత్సవ సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు ఒక మహాత్ముని చరిత్ర వ్రాసి ఇమ్మని కార్యనిర్వాహక సంఘం వారు నన్ను ఆదేశించినారు. ఎవరి చరిత్ర వ్రాయవలెనని నేను ఎక్కువగా ఆలోచించలేదు. విరాళాల నిమిత్తం ఇంటింటికీ వెళ్ళిన రోజుల్లో ఉన్నత విద్యలు చదివిన కొందరు యువకులు నన్నొక ప్రశ్న అడిగారు. తెలుసుకున్న తరువాత నమ్మాలా, నమ్మిన తరువాత తెలుసుకోవాలా అన్నది వారి సందేహం. వారు ధర్మకార్యానికి ద్రవ్యం ఇచ్చారు, ప్రశ్ననూ ఇచ్చారు. ద్రవ్యానికి రసీదు నాడే ఇచ్చాము. ప్రశ్నకు సమాధానంగా శ్రీ చైతన్య మహాప్రభువుల జీవితాన్ని నాకు తెలిసినంత మేరకు ఇక్కడ విన్నవిస్తున్నాను. వారు గోదావరీ తీరంలో అడుగుపెట్టిన మహనీయులు కనుక మనకు పరాయివారు కారు.

క్రీ.శ. 1486వ సంవత్సరం ఫాల్గుణ పూర్ణిమ నాడు, చంద్రగ్రహణ సమయంలో, వంగదేశంలోని నవద్వీపంలో జగన్నాథ మిశ్ర, శచీదేవి అనే పుణ్యదంపతులకు మహాప్రభువులు జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు విశ్వంభరుడు, ముద్దుపేరు నిమాయి. ఆనాటి నవద్వీపం సామాన్యమైన ఊరు కాదు. మిథిలలో గంగేశోపాధ్యాయులు తత్త్వచింతామణి గ్రంథంతో నెలకొల్పిన నవ్యన్యాయ శాస్త్రానికి నవద్వీపం క్రమంగా రాజధాని అయింది. ఆ గ్రంథానికి దీధితి అనే వ్యాఖ్య వ్రాసిన రఘునాథ శిరోమణి ఆ ఊరివారే. వీధి వీధినా పాఠశాలలు ఉండేవి. గంగ ఒడ్డున స్నానానికి దిగిన విద్యార్థులు సైతం వాదం చేయకుండా ఒడ్డుకు వచ్చేవారు కారట. ప్రమాణం లేనిదే ఏ మాటనూ అంగీకరించని ఆ ఊరిలోనే భక్తికి పర్యాయపదమైన మహాపురుషుడు పుట్టడం భగవత్సంకల్పం కాక మరేమిటి?

నిమాయి పండితుడు కూడా మొదట ఆ ఊరి బిడ్డే. గంగాదాస పండితుల వద్ద వ్యాకరణం అభ్యసించి, చిన్న వయస్సులోనే సొంత పాఠశాల తెరిచారు. ఎదుటివారి మాటలో దోషం పట్టుకోవడంలో వారికి సాటి లేదు. దిగ్విజయ యాత్ర చేస్తూ వచ్చిన ఒక మహాపండితుడు గంగాదేవిని స్తుతిస్తూ ఆశువుగా శ్లోకాలు చెప్పగా, నిమాయి అందులో ఒక శ్లోకాన్ని తిరిగి అప్పగించి, దానిలోని ఐదు గుణాలను, ఐదు దోషాలను విడమరచి చెప్పారని చరిత్రకారులు వ్రాశారు. ఓడిన పండితుని చూచి శిష్యులు నవ్వబోతే వారించారట. బుద్ధి ఎంత పదునైనదైనా దానికి వినయం ఒర వంటిదని ఆ వయస్సులోనే వారికి తెలుసు.

అన్నగారైన విశ్వరూపుడు అంతకు పూర్వమే సన్న్యసించి వెళ్ళిపోయాడు. తండ్రి గతించారు. మొదటి భార్య లక్ష్మీప్రియాదేవి పరమపదించగా తల్లి మాట ప్రకారం విష్ణుప్రియాదేవిని పరిణయమాడారు. పితృకార్యం నిమిత్తం గయకు వెళ్ళడంతో వారి జీవితం మలుపు తిరిగింది. విష్ణుపాద దర్శనం చేస్తూండగా కన్నీరు ధారగా ప్రవహించింది. అక్కడే ఈశ్వరపురి స్వామివారి వద్ద మంత్రోపదేశం పొందారు. గయకు వెళ్ళినవాడు పండితుడు, తిరిగి వచ్చినవాడు భక్తుడు.

పాఠశాల మళ్ళీ తెరిచారు కానీ పాఠం సాగలేదు. ఏ సూత్రం చెప్పబోయినా, ఏ ధాతువుకు అర్థం చెప్పబోయినా శ్రీకృష్ణుడే అర్థంగా స్ఫురించేవాడు. శిష్యులు తికమకపడి గురువుగారైన గంగాదాస పండితులతో మొరపెట్టుకున్నారు. వారు మందలించారు. నిమాయి ప్రయత్నించారు, కాలేదు. చివరకు పుస్తకాలు కట్టివేసి, ఇక తాను పాఠం చెప్పలేనని శిష్యులను దీవించి, వారితోనే నామసంకీర్తనం ప్రారంభించారు. తరువాతి కాలంలో వంగదేశమంతటా మారుమ్రోగిన సంకీర్తనకు ఇది తొలినాళ్ళ ముచ్చట. 1510వ సంవత్సరంలో, ఇరువది నాలుగేళ్ళ వయస్సులో, కాటోయా గ్రామంలో కేశవభారతీ స్వామివారి వద్ద సన్న్యాసం స్వీకరించి శ్రీకృష్ణచైతన్యులైనారు.

ఇంతవరకు విన్నవారికి బుద్ధి ఓడింది, హృదయం గెలిచింది అనిపించవచ్చు. కానీ చరిత్ర అక్కడ ఆగలేదు.

సన్న్యాసానంతరం తల్లి కోరిక మీద నివాసంగా ఎంచుకున్న పూరీ క్షేత్రానికి చేరి, జగన్నాథస్వామిని చూచిన క్షణంలోనే మహాప్రభువులు మూర్ఛిల్లి పడిపోయారు. ఆ సమయంలో అక్కడ ఉన్నవారు వాసుదేవ సార్వభౌమ భట్టాచార్యులు. నవద్వీపం నుండి వచ్చి గజపతుల ఆదరణలో పూరీలో స్థిరపడిన తార్కిక శిరోమణి. ఆయన ఆ యువసన్న్యాసిని తన ఇంటికి చేర్పించి, ఊపిరి ఉన్నదో లేదో తెలియక, సన్నని దూదిని ముక్కు వద్ద పట్టి చూశారు. దూది కదిలింది. అప్పుడు గాని ఆయన మనస్సు కుదుటపడలేదు. ఈ దృశ్యం నాకు ఎంతో ఇష్టం. ఒకరు భగవంతుణ్ణి చూచి ఒళ్ళు మరచినవారు, మరొకరు దూదితో పరీక్షించి నిర్ణయించుకునేవారు. ఆ దూది పట్టిన చేతిలోనూ కరుణ ఉన్నది కదా!

ఈ చిన్నవాడు సన్న్యాస ధర్మం ఎలా నిలుపుకుంటాడోనన్న వాత్సల్యంతో సార్వభౌములు ఏడు దినాలు వేదాంత పాఠం చెప్పారు. మహాప్రభువులు మౌనంగా విన్నారు. ఎనిమిదవ నాడు సార్వభౌములు మౌనానికి కారణం అడిగారు. సూత్రాల అర్థం తనకు నిర్మలంగానే తోస్తున్నదని, వ్యాఖ్యానమే దానిని మబ్బువలె కప్పుతున్నదని మహాప్రభువులు వినయంగా విన్నవించారు. అటుపై వాదం నడిచింది. వారి సిద్ధాంత భేదాలు ఈ వ్యాసంలో చర్చనీయాలు కావు. భాగవతంలోని ఆత్మారామ శ్లోకానికి సార్వభౌములు తొమ్మిది అర్థాలు చెప్పగా, మహాప్రభువులు వాటిలో ఒక్కదానినీ తాకకుండా మరి పదునెనిమిది అర్థాలు చెప్పారని చైతన్య చరితామృతం తెలుపుతున్నది. పుస్తకాలు కట్టివేసిన నిమాయి పండితుడు ఎక్కడికీ పోలేదన్నమాట. పాండిత్యం ఉన్నది, దాని యజమాని మాత్రమే మారినాడు.

కొద్ది దినాల తరువాత ఒక తెల్లవారుజామున మహాప్రభువులు జగన్నాథ ప్రసాదాన్ని సార్వభౌముల చేతిలో పెట్టారు. ఆయన అప్పుడే నిద్ర లేచారు. దంతధావనం కాలేదు, స్నానసంధ్యలు కాలేదు. ఆచారంలో నిప్పువంటి ఆ పండితుడు ఒక్క క్షణమైనా సంకోచించక ప్రసాదాన్ని స్వీకరించారు. మహాప్రభువులు ఆనందంతో ఆయనను కౌగిలించుకున్నారట. దీనిని పట్టుకొని స్నానం అక్కరలేదని ఎవరూ అనుకోరాదు. జీవితమంతా నియమం పాటించినవాని సడలింపుకే అంతటి విలువ.

1510వ సంవత్సరం వైశాఖంలో మహాప్రభువులు దక్షిణ యాత్రకు బయలుదేరారు. వెళ్ళే ముందు సార్వభౌములు ఒక మనవి చేశారు. గోదావరీ తీరంలో రామానంద రాయలను తప్పక దర్శించమని, ఆయన మాటలను లోగడ అర్థం చేసుకోలేక తాను పరిహసించానని, ఇప్పుడు ఆయన విలువ తెలిసిందని చెప్పారు. ఒక తార్కికుడు తన పరిహాసాన్ని తానే ఉపసంహరించుకోవడం ఎంత పెద్ద ప్రాయశ్చిత్తమో ఆలోచించండి.

శ్రీకూర్మంలో కుష్ఠురోగ పీడితుడైన వాసుదేవుడనే బ్రాహ్మణుని ఆలింగనం చేసుకొని అనుగ్రహించి, సింహాచలంలో నృసింహస్వామిని సేవించి, మహాప్రభువులు గోదావరికి చేరారు. రామానంద రాయలు ప్రతాపరుద్ర గజపతి పక్షాన ఈ సీమను పాలిస్తున్న అధికారి. జగన్నాథవల్లభ నాటకాన్ని రచించిన రసజ్ఞుడు. మంగళవాద్యాలతో, వైదికులు వెంటరాగా, పల్లకిలో గోదావరీ స్నానానికి వచ్చిన రాయలవారు, ఒడ్డున ఒంటరిగా కూర్చున్న సన్న్యాసిని చూచి సాష్టాంగపడ్డారు. సన్న్యాసి ఆయనను లేవనెత్తి కౌగిలించుకున్నారు. జన్మచేత తమతో సమానుడు కానివానిని యతీశ్వరులు ఆలింగనం చేసుకోవడం చూచి వైదికులు విస్తుపోయారు. కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో ఈ సమాగమం జరిగిందని మనవారి విశ్వాసం. అక్కడ గౌడీయ మఠం ఉన్నది.

ఆ రాత్రులలో వారి మధ్య జరిగిన సంవాదం ప్రసిద్ధం. జీవితానికి పరమ ప్రయోజనం ఏదని మహాప్రభువులు అడిగారు. స్వధర్మాచరణమని రాయలవారు చెప్పారు. అది బాహ్యమే, ఇంకా ముందుకు వెళ్ళండి అన్నారు మహాప్రభువులు. కర్మఫల సమర్పణం, స్వధర్మత్యాగం, జ్ఞానంతో కూడిన భక్తి అని రాయలవారు ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ చెప్పారు. ప్రతిసారీ అదే సమాధానం వచ్చింది. చివరకు జ్ఞానాపేక్ష లేని భక్తి అన్నప్పుడే మహాప్రభువులు ఔనన్నారు. అటనుండి దాస్యం, సఖ్యం, వాత్సల్యం, మధురభావం వరకు ఆ మాట సాగింది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. జ్ఞానాపేక్ష లేని భక్తిని చేరింది కూడా ప్రశ్నోత్తర క్రమంలోనే. మెట్టు మీద మెట్టు బుద్ధి వేసింది. మేడ మీదికి చేరినది హృదయం.

అటుపై శ్రీరంగంలో వేంకటభట్టు గారి ఇంట చాతుర్మాస్యం గడిపారు. అక్కడి ఆలయంలో ఒక బ్రాహ్మణుడు ప్రతిదినం భగవద్గీత పారాయణ చేసేవాడు. ఉచ్చారణ నిండా తప్పులే. చుట్టూ ఉన్నవారు నవ్వేవారు. అతడు మాత్రం కన్నీరు కారుస్తూ, శరీరం పులకిస్తూండగా చదువుకొనిపోయేవాడు. ఏ అర్థం తోచి ఈ ఆనందమని మహాప్రభువులు అడిగారు. తనకు శబ్దార్థం తెలియదని, గురువు ఆజ్ఞ కనుక చదువుతున్నానని, గ్రంథం తెరిచినంతసేపు అర్జునుని రథం మీద పగ్గాలు పట్టి కూర్చున్న శ్యామసుందరుడు కనబడుతూంటాడని అతడు చెప్పాడు. గీతాపారాయణకు అతడే అధికారి అని మహాప్రభువులు కౌగిలించుకున్నారు. ఇతరుల శ్లోకంలో ఐదు దోషాలు పట్టిన నిమాయి పండితుని చెవికి ఆ తప్పులు వినబడకపోలేదు. తప్పులతోపాటు మరొకటి కూడా వినబడింది.

ఈ ఘట్టం గురించి వ్రాస్తూ నా తప్పు ఒకటి చెప్పుకోకుండా ఉండలేను. నేను బాల్యం నుండి స్వరం తప్పితే దండన అనుభవించిన పాఠశాలలో చదివినవాణ్ణి. సుమారు ఇరువది ఏండ్ల క్రితం ఒక వృద్ధురాలు ప్రతి శనివారం మన మండపంలో కూర్చొని విష్ణుసహస్రనామం పైకి చదివేది. నామాలు విరిచేది, కలిపేది, కొన్ని చోట్ల అర్థమే తారుమారయ్యేది. ఒకనాడు పదిమంది ఎదుట నేను కటువుగా సరిదిద్దాను. తరువాత కూడా ఆమె ఆలయానికి వచ్చేది, పుస్తకం తెరిచేది. పెదవులు కదిలేవి, గొంతు మాత్రం వినబడేది కాదు. నేను పలికిన మాటలో శాస్త్రదోషం లేదు. అయినా ఒక గొంతు ఆగిపోయింది. కొంతకాలానికి చైతన్య చరితామృతంలోని శ్రీరంగ ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాతి శనివారం ఆమె వద్దకు వెళ్ళి, పెద్దదానివమ్మా, పైకి చదువు తల్లీ, నేను వింటాను అని ప్రార్థించాను. ఆమె చదివింది. అవే తప్పులు. చివరిదాకా కూర్చొని విన్నాను. ఆమె ఇప్పుడు లేదు. నేను నేటికీ నా శిష్యులకు స్వరం తప్పితే ఊరుకోను, ఎందుకంటే వేదాన్ని తరువాతి తరానికి చెక్కుచెదరకుండా అప్పగించడం వారి బాధ్యత. అయితే ఏది ఎవరిని అడగాలో ఆ తల్లి నాకు నేర్పింది.

మహాప్రభువులు 1512వ సంవత్సరానికి పూరీకి తిరిగి వచ్చారు. రామానంద రాయలు అధికారాన్ని విడిచి వారి సన్నిధికే చేరారు. ఉత్తరాన బృందావన యాత్ర కూడా ముగిసిన తరువాత, జీవితంలోని చివరి పదునెనిమిది సంవత్సరాలు మహాప్రభువులు పూరీ విడిచి వెళ్ళలేదు. 1533వ సంవత్సరంలో వారి అవతార సమాప్తి జరిగింది. వారు స్వయంగా మిగిల్చిన రచన శిక్షాష్టకమని ప్రసిద్ధమైన ఎనిమిది శ్లోకాలే. అంతటి పండితుడు ఎనిమిది శ్లోకాలతో ఊరుకున్నారు. అయితే శాస్త్రాన్ని వదలివేశారా? లేదు. రాజమంత్రిత్వం వదలి వచ్చిన రూపగోస్వామికి ప్రయాగలో పది దినాలు, సనాతన గోస్వామికి కాశీలో రెండు నెలలు తామే బోధించి, గ్రంథాలు వ్రాయుమని బృందావనానికి నియమించారు. శ్రీరంగంలో ఆతిథ్యమిచ్చిన వేంకటభట్టు గారి కుమారుడు గోపాలభట్టు వారిలో చేరాడు. రూపగోస్వామి భక్తిరసామృతసింధువు, జీవగోస్వామి షట్సందర్భాలు ఆ పరంపరలో వెలసినవే. హృదయంలో కలిగిన అనుభవం ఒక్క జీవితంతో అంతరించకుండా ఉండాలంటే దానికి శాస్త్రమనే గట్టు కావాలి. గోదావరికి గట్టు లేకపోతే నీరు పొలానికి చేరదు. నీరు లేకపోతే గట్టుతో పని లేదు.

భక్తులారా! మన జీర్ణోద్ధరణలో స్థపతి మహాశయులు ప్రతి శిలనూ కొలిచారు. గోపుర శిఖరం నుండి పీఠం దాకా లెక్క తప్పకుండా చూశారు. అష్టబంధనం పాకం కుదిరే వరకు విగ్రహాన్ని పీఠం మీద నిలపలేదు. అది బుద్ధి చేయవలసిన పని, దానిలో లోపం ఉండరాదు. కానీ బాలాలయంలోని కుంభజలం నుండి స్వామి మళ్ళీ మూలమూర్తిలోకి వేంచేయమని ప్రార్థించే క్షణంలో ఏ కొలబద్దా పనికిరాదు. అక్కడ అడగగలిగినది హృదయమే. ఆ యువకుల ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇంతే. అడగండి, కొలవండి, దూది పట్టి చూడండి. దూది కదిలినప్పుడు మాత్రం చేతులు జోడించడం మరువకండి.

ఆ వృద్ధురాలు కూర్చున్న మండప స్తంభాన్ని ఈ జీర్ణోద్ధరణలో కదపలేదు. ప్రతి శనివారం సాయంకాలం అక్కడ సహస్రనామ పారాయణ జరుగుతుంది. శుద్ధపాఠం నేర్చుకోగోరువారికి అంతకు ముందు గంటసేపు నేను చెబుతాను. నేర్చుకోలేనివారు కూడా వచ్చి కూర్చొని, గొంతెత్తి చదువవలసిందిగా ప్రార్థన.