సర్ చంద్రశేఖర వెంకట రామన్

దీపపు వత్తి నూనెను పైకి పీల్చుకొనుట మన కురవి ప్రాంతపు బాలబాలికలందరును ఎఱిగినదే. ఇట్లు సన్నని దారులలో ద్రవము తనంతట తాను పైకెక్కుటకు కేశాకర్షణమని పేరు. దీనిని మేము తరగతిలో గాజునాళములతో చూపితిమి. 1 మిల్లీమీటరు వ్యాసము గల నాళమును రంగునీటిలో నిలుపగా నీరు సుమారు 3 సెంటిమీటర్లెక్కెను. అందులో సగము వ్యాసము గల నాళమున సుమారు 6 సెంటిమీటర్లెక్కెను. నీరు గాజును అంటుకొనుటయు, నీటి పైభాగము సాగదీసిన పొరవలె బిగువుగా నుండుటయు దీనికి కారణములు. ఆ బిగువునే తలతన్యత యందురు.

గొప్ప యంత్రములు లేని మనబోంట్లు ఇట్టి చిన్న ప్రయోగములు చేసినందున ఫలమేమని ఒక విద్యార్థి అడిగెను. అందులకు ఒక మహనీయుని చరిత్రమునే బదులుగా వ్రాయుచున్నాము.

రామన్‌గారు 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించిరి. తండ్రిగారు విశాఖపట్టణమున శ్రీమతి ఎ. వి. నరసింహారావు కళాశాలలో గణిత భౌతికశాస్త్రముల బోధకులగుటచే, వారి బాల్యము మన తెలుగుసీమలోనే గడచెను. అచ్చటి సెయింట్ అలోషియస్ పాఠశాలయందు చదివి, 11 ఏండ్ల వయస్సుననే మెట్రిక్యులేషన్ పరీక్షలో కృతార్థులైరి. అదియు మన పాఠశాలవలె మిషను వారిదే.

తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ. పరీక్షయందు ప్రథములై భౌతికశాస్త్రమున స్వర్ణపతకమును పొందిరి. సీమకు పోయి చదువుమని గురువులు ప్రోత్సహించిరి గాని, ఆ చలిదేశము ఈ బలహీన శరీరమునకు సరిపడదని వైద్యుడు వారించెను. ఆ ద్వారము మూతపడినను రామన్‌గారు నిరాశ చెందలేదు. ఉన్నచోటనే, ఉన్న పరికరములతోనే పరిశోధింప మొదలిడిరి. ద్రవతలము యొక్క వంపును కొలిచి తలతన్యతను కనుగొను పద్ధతినిగూర్చి వారు వ్రాసిన వ్యాసమును 1907లో లండనునందలి ఫిలసాఫికల్ మేగజీను ప్రకటించెను. అప్పటికి వారికి 20 ఏండ్లైనను నిండలేదు.

ఆ సంవత్సరమే కలకత్తాలో ఆర్థికశాఖ యుద్యోగమున ప్రవేశించిరి. పగలు లెక్కలు చూచుచు, ఉదయ సాయంకాలములు బౌబజారు వీధిలోని విజ్ఞాన పరిషత్తునందు ప్రయోగములు చేయుచుండిరి. 1917లో అధిక వేతనమును విడిచి, తక్కువ జీతమునకు విశ్వవిద్యాలయ ఆచార్యులైరి. 1921లో ఓడప్రయాణమున సముద్రపు నీలిమను చూచి దాని కారణమును వెదకసాగిరి. ఆ వెదకుటయే, శిష్యులగు కె. ఎస్. కృష్ణన్‌గారి తోడ్పాటుతో, 1928 ఫిబ్రవరి 28వ తేదీన రామన్ ఫలితమును కనుగొనుటకు దారితీసెను. 1930లో నోబెల్ బహుమానము లభించెను. 1970 నవంబరు 21వ తేదీన బెంగుళూరులో వారు పరమపదించిరి.

విద్యార్థులారా, సృష్టికర్త తన నియమములను మహాసముద్రమునందే గాక నీటిబొట్టునందును వ్రాసియుంచెను. రామన్‌గారు ముందు బొట్టును చదివిరి, పిమ్మట సముద్రమును చదివిరి. రేపు సాయంకాలము దీపము వెలిగించునపుడు మీరును ఆ వత్తిని ఒకమారు తేరిపాఱ చూడుడు.