సామ్రాజ్యగతిని చిత్రించిన థామస్ కోల్

ప్రాచీన రోము వైభవమును, శిథిలములను అమెరికా చిత్రకళలోనికి తెచ్చినవారిలో థామస్ కోల్ మిక్కిలి ప్రసిద్ధుడు. ఈతడు పుట్టుకచే అమెరికనుడు కాడు. 1801లో ఇంగ్లండునందలి లాంకషైరులో, నూలుమిల్లులకు పేరుగన్న బోల్టన్ పట్టణమున జన్మించెను. చిన్నతనముననే అద్దకపు బట్టలకు అచ్చులు చెక్కు పనిలో చేరెను. 1818లో కుటుంబముతో ఓడనెక్కి అమెరికా చేరెను. చిత్రలేఖనమును చాలవఱకు తనంతట తానే నేర్చుకొనెను.

1825లో హడ్సన్ నదీతీరమునందు తిరిగి వచ్చి వేసిన మూడు పటములను న్యూయార్కులో అమ్మకమునకు పెట్టగా, ట్రంబుల్, డన్‌లాప్, డ్యూరాండ్ అను కళాకారులు తలకొకటి కొనిరి. పేరు వచ్చెను. అయినను కొండలు, అడవులు మాత్రమే ఆతనికి చాలలేదు. 1829లో ఐరోపాకు పోయి, ఫ్లారెన్సును, రోమును చూచి, 1832లో మరలి వచ్చెను.

ఆ శిథిలములు కన్నుల మెదలుచుండగా, ల్యూమన్ రీడ్ అను వర్తకుని ప్రోత్సాహమున 'సామ్రాజ్యగతి' అను అయిదు పటములకు పూనుకొనెను. అయిదింటను చోటు ఒక్కటే. కొండకొమ్మున నిలిచిన పెద్దబండయే దానికి గుర్తు. మొదటిదానిలో తెల్లవారుజామున మబ్బులు, వేటగాండ్రు. రెండవదానిలో గొఱ్ఱెలకాపరి, రాతిగుడి. ఒక వృద్ధుడు పుల్లతో నేలపై రేఖాగణితము గీయుచుండును, ఒక బాలుడు రాతిపై బొమ్మ వేయుచుండును. మాకు మిక్కిలి ప్రియమైన పటమిదియే. మూడవది మిట్టమధ్యాహ్నము: చలువరాతి మేడలు, విజేత ఊరేగింపు. అన్నిటికంటె పెద్దదిదే గాని, ఆ ఆడంబరము మాకు కొంత విసుగు పుట్టించు మాట నిజము. నాల్గవదానిలో శత్రువులు నగరమును దోచి తగులబెట్టుదురు. తల తెగిన వీరవిగ్రహము మాత్రము ముందుకు ఉఱుకుచున్నట్లే నిలిచియుండును. కడపటిదానిలో వెన్నెల, ఒంటిస్తంభము, దానిపై పక్షిగూడు. మనుష్యుడు లేడు.

పని ముగియకమునుపే, 1836లో, రీడ్ మరణించెను. ఆతని కుటుంబమువారు కొనసాగింపుమని కోరగా కోల్ ఆ సంవత్సరముననే పూర్తిచేసెను. అమెరికా ప్రకృతిని గూర్చి వ్యాసము ప్రకటించి, గొడ్డలికి బలియగు అడవులకై వగచినదియు ఆ యేడే. కావున రోము వేషమున ఆతడు హెచ్చరించినది తన దేశమునే యని మా అభిప్రాయము.

1848 ఫిబ్రవరిలో, 47వ యేట, కాట్స్‌కిల్ గ్రామమున ఆతడు కన్నుమూసెను. శిష్యుడు ఫ్రెడరిక్ చర్చ్ తరువాతి కాలమున నదికి ఆవలిగట్టున, గురువు చిత్రించిన కొండలు కనబడునట్లుగా, ఇల్లు కట్టుకొనెను.