జే నార్వుడ్ డార్లింగు

సంతలో స్థలము నాక్రమించి సరకు లమ్ముకొనువాడు తైబజారు రుసుము చెల్లించుట మన ప్రాంతమున చిరపరిచితమైన యాచారము. మన మోండా మార్కెట్టువంటి బజారుల నెఱిగినవారికి దీనిని వివరింప బనిలేదు. దేని నుపయోగించుకొందుమో దాని పోషణకు కొంత యీయవలెనన్నదే యందలి న్యాయము. ఈ న్యాయమునే అడవిబాతుల వేటకు వర్తింపజేసి, నశించుచున్న నీటిపట్టులను నిలిపిన వాడు అమెరికా వ్యంగ్యచిత్రకారుడు జే నార్వుడ్ డార్లింగు.

ఈయన 1876వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన మిషిగన్ రాష్ట్రమందలి నార్వుడ్ గ్రామమున జన్మించి, అయోవాలోని సూ సిటీయందు పెరిగెను. తండ్రి క్రైస్తవ సంఘకాపరి. బెలాయిట్ కళాశాలలో చదువునపుడు ఉపాధ్యాయులను హాస్యాస్పదముగ చిత్రించి వార్షిక సంచికలో ప్రకటింపగా, అధికారులు కొంతకాల మాతనిని కళాశాలనుండి వెలివేసిరి. మన సంచికకు బొమ్మలు గీయు బాలురు ఈ సంగతి గమనింతురు గాక! ఇంటిపేరును కుదించి ‘డింగ్’ అని సంతకము చేయుట ఆ దినములలోనే యారంభమయ్యెను. 1900లో ఆయన పట్టము నందెను. పిమ్మట పత్రికాలయములందు పనిచేసి, 1924లోను 1943లోను పులిట్జరు బహుమానములను బడసెను.

డార్లింగు స్వయముగ వేటకాడు. సేద్యమునకై చిత్తడినేలల నీరు తీసివేయుటచేతను, 1930 తరువాతి యనావృష్టిచేతను, బాతులు గ్రుడ్లుపెట్టు తావులు మాయమగుచుండుట గాంచి మిక్కిలి పరితపించెను. తుపాకులను మాన్పినంతమాత్రమున ప్రయోజనములేదనియు, నీరు నిలిచిన నేల లేనిదే పక్షి నిలువదనియు గ్రహించెను.

ఆయన తన చిత్రములలో ప్రభుత్వమును తఱచుగ నధిక్షేపించుచుండినను, అధ్యక్షుడు రూజ్వెల్టు 1934లో ఆయననే వన్యప్రాణి పరిశోధన శాఖకు అధిపతిగ నియమించెను. ఆ సంవత్సరము మార్చి 16వ తేదీన నొక శాసనము వెలువడెను. దానిచొప్పున, పదునాఱేండ్లు నిండి బాతులను వేటాడు ప్రతివాడును 1 డాలరు వెలగల స్టాంపును తపాలా కచ్చేరిలో కొనవలెను. ఆ ధనముతో చిత్తడినేలలను కొని పక్షుల కాశ్రయముగ నుంచవలెను. మొదటి స్టాంపుపై నీటిలో వ్రాలుచున్న బాతుల జంటను డార్లింగే చిత్రించెను. మొదటి యేడు 6,35,001 స్టాంపు లమ్ముడయ్యెను.

1935లో ఆయన వేటకాలమును 30 దినములకు తగ్గించి, పెంపుడు బాతులను ఎరగా నుంచి అడవిబాతులను చంపుటను నిషేధించెను. తోడి వేటకాండ్రు పెక్కండ్రు కినిసిరి. ఐనను ఆయన చలింపలేదు. ఆ యేటి చివర పదవిని వదలి, 1936లో జాతీయ వన్యప్రాణి సమాఖ్యను స్థాపించుటకు తోడ్పడి, దానికి తొలి అధ్యక్షుడయ్యెను. 1962 ఫిబ్రవరి 12వ తేదీన పరమపదించెను. ఫ్లారిడాలోని సానిబెల్ దీవియందలి పక్షిసంరక్షణ స్థలమునకు 1967లో ఆయన పేరిడిరి. స్టాంపు వెల 2015లో 25 డాలర్లయ్యెను. దాని యాదాయముచే నేటివఱకు 60 లక్షల యెకరములకు మించిన నేల రక్షింపబడెను.

బాలురారా! మన దేశమున 1972 నాటి శాసనము వన్యప్రాణుల వేటను కట్టడిచేసెను. కావున వేటరుసుముతో కొల్లేటినిగాని పులికాటునుగాని పోషించు మార్గము మనకు లేదు. ఐనను డార్లింగు చూపిన న్యాయము మనకును చెల్లును. చెఱువులో చేపలు పట్టువాడును, దాని నీట పొలము తడుపువాడును, గట్టుపై సాయంకాలము చల్లగాలి పీల్చువాడును ఆ చెఱువునకు ఋణస్థులే. వేటకాడు సైతము తన ఋణమును తీర్చుకొనగా, మనము తీర్పకుండుట తగునా?