శుక్రుణ్ణి లెక్కగట్టిన విశాఖవాసి
ఏవీఎన్ కళాశాల పేరు వెనుక ఓ ఖగోళ పరిశీలకుడు

విశాఖపట్నం: ఏవీఎన్ కళాశాల పేరు తెలియని వారు నగరంలో అరుదు. ఆ మూడు అక్షరాలకు విస్తరణ అంకితం వెంకట నరసింగరావు అని చెప్పగలిగేవారు కొద్దిమందే. ఆయన తన ఇంటి ఆవరణలోని దూరదర్శినితో గ్రహాలను పరిశీలించి, ఆ ఫలితాలను లండన్ శాస్త్రవేత్తల ముందుంచారన్న సంగతి ఎరిగినవారు మరీ తక్కువ. నేడు దుకాణాలతో, వాహనాల రద్దీతో కిటకిటలాడే డాబా గార్డెన్స్ ప్రాంతంలోనే పందొమ్మిదో శతాబ్దంలో ఒక ప్రైవేటు వేధశాల ఉండేది. ఆరు దశాబ్దాల పాటు అది పనిచేసింది.

మామగారి ముచ్చట

ఈ వేధశాలకు ఆద్యుడు జమీందారీ కుటుంబీకుడైన గోడే వెంకట జగ్గారావు (1817-1856). సంపదకు లోటు లేకపోయినా ఆయన మనసు గణితం మీద, ఆకాశం మీద నిలిచింది. మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధిపతి టి.జి.టేలర్ వద్ద ఖగోళ శాస్త్రాన్ని అభ్యసించారు. తిరిగి వచ్చాక 1840లో సొంత ఖర్చుతో విశాఖలో వేధశాలను నెలకొల్పారు. కొన్ని పరికరాలను స్వయంగా తయారు చేసుకున్నారు. మరికొన్నింటిని కొనుగోలు చేశారు. నలభై ఏళ్లు నిండకుండానే ఆయన కన్నుమూశారు.

ఇటువంటి అభిరుచులు సాధారణంగా మనిషితోనే ముగిసిపోతాయి. పరికరాలు అటకెక్కుతాయి. ఇక్కడ మాత్రం అలా జరగలేదు. జగ్గారావు కుమార్తె అచ్చయ్యమ్మను వివాహమాడిన నరసింగరావు ఆ బాధ్యతను తలకెత్తుకున్నారు. 1827లో జన్మించిన ఆయన అప్పటికి ఈస్టిండియా కంపెనీ కొలువులో డిప్యూటీ కలెక్టర్. ఆనాడు భారతీయులకు అంతకు మించిన పదవులు దక్కడం దుర్లభం. ఆ ఉద్యోగాన్ని విడిచిపెట్టి మామగారి వేధశాలను తన చేతుల్లోకి తీసుకున్నారు. జీతం లేదు, పైఅధికారి లేడు. రాత్రివేళ మేల్కొని చూడటం, చూసినది చూసినట్లు రాసిపెట్టడం ఆయన దినచర్యలో భాగమయ్యాయి.

ఆరు అంగుళాల కన్ను

వేధశాల కోసం నరసింగరావు ఇంగ్లాండులోని యార్క్ నగరానికి చెందిన కుక్ సంస్థ తయారు చేసిన ఆరు అంగుళాల దూరదర్శినిని సమకూర్చుకున్నారు. భూమి తిరుగుతున్న కొద్దీ ఆకాశంలోని గ్రహం చూపు నుంచి తప్పుకుంటూ ఉంటుంది. దాన్ని వెన్నంటి కదిలే అమరిక గల పరికరమిది. దీంతో గ్రహాన్ని చాలాసేపు ఏకధాటిగా పరిశీలించడం సాధ్యమయ్యేది.

1874 డిసెంబరు 9వ తేదీ ఉదయం ఈ దూరదర్శినికి అసలైన పరీక్ష ఎదురైంది. ఆ రోజు శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగిపోయింది. దీనినే శుక్ర అంతర్యానం అంటారు. అంతకు ముందు 1769లో సంభవించిన తరువాత, 105 సంవత్సరాలకు వచ్చిన అవకాశమది. భూమి మీద దూరదూరంగా ఉన్న ప్రదేశాల నుంచి శుక్రుడు సూర్యబింబాన్ని తాకిన క్షణాన్ని, వీడిన క్షణాన్ని కచ్చితంగా నమోదు చేస్తే, ఆ కాలభేదాల ఆధారంగా భూమికి సూర్యునికి మధ్య దూరాన్ని గణించవచ్చు. అందుకే ఐరోపా దేశాల ప్రభుత్వాలు నౌకల మీద బృందాలను పంపాయి. మనదేశంలో రూర్కీలో బ్రిటిష్ అధికారి టెనంట్, బెంగాల్‌లోని ముద్దాపూర్‌లో ఇటలీ శాస్త్రవేత్త టక్కిని శిబిరాలు వేశారు. విశాఖలో మాత్రం ఒక గృహస్థు తన సొంత దూరదర్శిని ముందు కూర్చున్నారు.

పని చెప్పినంత తేలిక కాదు. శుక్రబింబం సూర్యబింబపు వెడల్పులో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే. పైగా అది సూర్యుని అంచును వీడి లోపలికి జరిగే వేళ, రెంటి నడుమ నల్లని బొట్టు సాగినట్లు కనిపించి, సరైన క్షణం ఏదో తేల్చుకోనివ్వదు. ఆరితేరిన శాస్త్రవేత్తలే ఆ చోట సెకన్ల తేడాతో తడబడ్డారు. నాలుగు గంటలకు పైగా సాగిన ఆ పయనాన్ని నరసింగరావు పరిశీలించి, నమోదు చేసిన వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. 1870ల తొలినాళ్లలోనే ఆ సంస్థ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. సూర్యునిపై బుధగ్రహ పయనాన్నీ, 1882 నాటి మహా తోకచుక్కనూ ఆయన పరిశీలించారు.

నగరానికి సేవ

వేధశాల కేవలం ఆయన సరదాకే పరిమితం కాలేదు. వాతావరణ వివరాలను క్రమం తప్పకుండా నమోదు చేసి ప్రచురించేవారు. నక్షత్రాల గమనం ఆధారంగా నిర్ణయించిన కాలమానం నగరవాసులకు ఉపకరించేది.

1892లో నరసింగరావు మరణించారు. అనంతర కాలంలో వారసుడు రాజా అంకితం వెంకట జగ్గారావు ఆసక్తితో ఇక్కడ ఖగోళ ఛాయాచిత్రాలు తీసే ప్రయత్నాలూ సాగాయి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యాక వేధశాల క్రమంగా మూతపడింది. దూరదర్శిని ముందు కూర్చునే మనిషి లేనప్పుడు ఎంత మేలైన కటకమైనా గాజుముక్కే.

మిగిలిన కానుక

ఆయన పేరు నిలవడానికి కారకురాలు భార్య అచ్చయ్యమ్మ. 1860లో పాఠశాలగా మొదలై, 1878లో కళాశాల స్థాయికి ఎదిగిన విద్యాసంస్థకు భర్త మరణానంతరం ఆమె భారీ విరాళమిచ్చారు. అందుకే అది మిసెస్ ఏవీఎన్ కళాశాల అయింది. తండ్రి కట్టిన వేధశాలను, భర్త సాగించిన పరిశీలనలను కళ్లారా చూసిన ఆమె పేరు మాత్రం ఆ ‘మిసెస్’ అన్న మాట చాటునే ఉండిపోయింది.

ఆ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించడానికి తమిళనాడు ప్రాంతం నుంచి చంద్రశేఖర అయ్యర్ విశాఖకు వచ్చారు. ఆయన కుమారుడు బాల్యంలో ఇక్కడే చదువుకున్నాడు. కాంతి మీద పరిశోధనకు 1930లో నోబెల్ బహుమతి అందుకున్న సర్ సి.వి.రామన్ ఆయనే.

శుక్ర అంతర్యానం 2004లో, 2012లో మళ్లీ మనదేశంలో కనిపించింది. తదుపరిది 2117లో. నేడు జీవించి ఉన్నవారిలో దాన్ని చూడగలిగేవారు దాదాపు ఉండరు. చదువుకోవడానికి మాత్రం 1874 నాటి విశాఖ పరిశీలన ఉంది. వేధశాల కనుమరుగైనా, ఉద్యోగం వదులుకుని దాన్ని నిలబెట్టిన మనిషి పేరు కళాశాల ద్వారం మీద నిత్యం కనిపిస్తూనే ఉంది. అక్కడ అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ ఆ మూడు అక్షరాల కథ తెలియడం, ఆయనకు విశాఖ తీర్చుకోవలసిన రుణం.